పాత స్నేర్ డ్రమ్ కింది తీగలు పలకడం లేదు, ఏం చేయాలి?

మాది కావలి. మా తాత పెళ్లి బ్యాండులో సైడ్ డ్రమ్ వాయించేవాడు; స్నేర్ అన్నా అదే, కింది పొరకు ఆనుకుని గరగరమనే తీగలుంటాయి. ఆయన పోయాక అటక మీద ఉన్న లుడ్విగ్ కంపెనీ స్నేర్ దించాను. 14 అంగుళాల వెడల్పు, 5 అంగుళాల లోతు, చుట్టూ 10 లగ్గులు (పొరను బిగించే మరలు పట్టే దిమ్మలు). అయస్కాంతం అంటుకోలేదు కాబట్టి ఇనుము కాదు. క్రోమ్ పూత పొక్కులు లేచిన చోట బూడిద రంగు కనబడుతోంది; ఇత్తడైతే పసుపుపచ్చగా ఉండాలి కదా, అందుకే అల్యూమినియం అనుకుంటున్నా. మా ఉప్పుగాలికి ఇంకేం మిగులుతుంది లెండి!

అసలు బాధ శబ్దంతో. కింది హెడ్ (డ్రమ్‌కు బిగించే పొర) చిరిగితే షాపతను పైన వేసే మందపాటిదే కిందా బిగించాడు. కింద పలచటిది ఉంటేనే తీగలు బాగా పలుకుతాయని తర్వాత తెలిసింది. ఇప్పుడు మెల్లగా వాయిస్తే తీగల చప్పుడే లేదు. వాటిని బిగిస్తే డబ్బా కొట్టినట్టు మూగబోతోంది. పైగా తీగల్ని వదిలే లీవర్ నాలుగు దెబ్బలకే జారిపోతోంది.

కింది హెడ్ మారిస్తే సరిపోతుందా, తీగలు కూడా మార్చాలా? షెల్ (డ్రమ్ గుండ్రటి ఒళ్లు) అంచులో తీగల కోసం ఉండే రెండు పల్లాల్లో ఒకటి కాస్త వంగినట్టుంది, దాన్ని ముట్టుకోవచ్చా? ఒక లగ్గులో మర కూడా అరిగింది. నెల్లూరులో లేత్ వాళ్లకిస్తే కొత్త సైజు మర వేసేస్తారేమోనని భయం. ఇలాంటివి బాగుచేసిన అన్నలెవరైనా ఉంటే చెప్పండి. క్రోమ్ మాత్రం మళ్లీ వేయించను.