సీ, జీటీకే3 మండీ లెక్కల ప్రోగ్రాంను రస్ట్‌లోకి మార్చడం: ఎక్కడ మొదలుపెట్టాలి?

తోతాపురి:
మామిడి మండీల కోసం ఓపెన్ సోర్స్‌లో పెట్టిన ప్రోగ్రాం. కాటా చీటీ, లాట్, కమీషన్, రైతు పట్టీ అన్నీ ఇందులోనే. రాసింది సీలో, కిటికీలు జీటీకే3తో (స్క్రీన్ మీది కిటికీలు, బటన్లు గీసే లైబ్రరీ), డేటా ఎస్‌క్యూలైట్‌లో. తిరుపతి, దామలచెరువు వైపు వాడేవాళ్లవి 4 జీబీ ర్యామ్, ఉబుంటు 22.04 మెషీన్లు. పాయింటర్ (మెమరీ చిరునామా) తప్పులతో క్రాష్‌లు తగ్గడం లేదు, అందుకే రస్ట్ (అలాంటి తప్పులను కంపైల్ దశలోనే ఆపే భాష) ఆలోచన. మొత్తం తిరగరాయాలా, ముక్కలుగా మార్చొచ్చా? తెలుగు పేర్లు, ప్రింటు చెడకూడదు.

పాకాల_జంక్షన్:
మొత్తం తిరగరాయొద్దు సామీ, సీజన్ వచ్చేసరికి రెండూ పనిచేయవు. లిబ్‌ఆర్‌ఎస్‌వీజీ (ఎస్‌వీజీ బొమ్మలు గీసే లైబ్రరీ) వాళ్లు సీ ఏపీఐని (బయటి ప్రోగ్రాంలు పిలిచే ఫంక్షన్లను) అలాగే ఉంచి లోపలి ఫంక్షన్లను ఒక్కొక్కటిగా రస్ట్‌లోకి తెచ్చారు. మీరూ కమీషన్, పట్టీ లెక్కలను ముందు విడదీయండి. స్టాటిక్ లైబ్రరీగా బిల్డ్ చేసి, సీబైండ్‌జెన్‌తో (రస్ట్ ఫంక్షన్లకు సీ హెడర్ రాసిచ్చే టూల్) హెడర్ తీసి, పాత సీ కోడ్‌కు లింక్ చేయండి. డబ్బును ఫ్లోట్‌లో కాకుండా పైసల్లో, 64 బిట్ పూర్ణాంకంగా పెట్టండి.

ఇక్కడ రెండు గోతులున్నాయి. రస్ట్ ఇచ్చిన స్ట్రింగ్‌ను సీ వైపు ఫ్రీ చేయకూడదు, వదిలించే ఫంక్షన్ కూడా రస్ట్‌దే కావాలి. రస్ట్‌లో ప్యానిక్ (కోలుకోలేని తప్పు దొరికి పని ఆపేయడం) వచ్చి సీ సరిహద్దు దాకా వస్తే రస్ట్ 1.81 నుంచి ప్రోగ్రామే ఆగిపోతుంది. కాబట్టి బయటికి కనిపించే ప్రతి ఫంక్షన్‌లో దాన్ని లోపలే పట్టుకుని ఎర్రర్ కోడ్ ఇవ్వండి.

కిటికీల సంగతి వేరు. జీటీకే3, జీటీకే4 ఒకే ప్రాసెస్‌లో ఇమడవు, జీటీకే3 రస్ట్ బైండింగులకు (రస్ట్ నుంచి దాన్ని వాడుకునే లైబ్రరీలకు) నిర్వహణ లేదు. అంటే ఆ భాగాన్ని ఒక్కసారిగా జీటీకే4కే తీసుకెళ్లాలి, అదీ లెక్కలు కుదిరాకే. 22.04లో ఉన్నది జీటీకే 4.6. కార్గో (రస్ట్ బిల్డ్ టూల్) ఫైల్లో 4.12 ఫీచర్ పెడితే బిల్డే మొదలుకాదు.

అలిపిరి_మెట్లు:
తెలుగు పేర్ల దగ్గరే ఎక్కువ దెబ్బ తగిలేది. ‘తిరుపతి’ కంటికి 4 అక్షరాలు, రస్ట్ క్యార్ (ఒక్కో యూనికోడ్ గుర్తు) లెక్కలో 7, బైట్లలో 21. చీటీలో పేరును 10 బైట్ల దగ్గర కోస్తే అది ఒక గుర్తు మధ్యలో పడి ప్యానిక్ అవుతుంది. క్యార్ల లెక్కన కోస్తే క్రాష్ ఉండదు గానీ, ‘శ్రీ’ మధ్యలో తెగి ‘శ్’ మిగలొచ్చు. యూనికోడ్ సెగ్మెంటేషన్ క్రేట్‌తో (రస్ట్ లైబ్రరీతో) గ్రాఫీమ్‌ల (కంటికి కనిపించే అక్షరాల) లెక్కన కోయండి. వరసలు కుదరడానికి ఫార్మాట్ వెడల్పును నమ్మొద్దు, అది క్యార్లనే లెక్కిస్తుంది. ప్రింటులో పాంగో (జీటీకే వాడే అక్షరాల అమరిక లైబ్రరీ) లేఅవుట్‌కు వెడల్పు ఇచ్చి, మిగిలింది దాన్నే కుదించనివ్వండి. ఒత్తులు సరిగ్గా పడేది పాంగో లోపలి హార్ఫ్‌బజ్ (అక్షరాల ఆకారాలు కూర్చే లైబ్రరీ) వల్లే, జీటీకే వదలకపోవడానికి నాకు కనిపించే పెద్ద కారణం ఇదే.

చంద్రగిరి_కోట:
కోడ్ చేసేవాళ్లంతా సీ వాళ్లైతే ముందు అడ్రస్ శానిటైజర్‌తో (మెమరీ తప్పులు పట్టే కంపైలర్ సదుపాయం) బిల్డ్ చేసి చూడండి, సగం తప్పులు అక్కడే దొరుకుతాయి. రస్ట్‌కే వెళ్తామంటే రెఫ్‌సెల్ (లోపలి విలువను ఎవరు వాడుతున్నారో ప్రోగ్రాం నడుస్తుండగా చూసే పెట్టె) విషయంలో జాగ్రత్త. మార్చడానికి తీసుకున్న బారో (అరువు) చేతిలో ఉండగానే విడ్జెట్ విలువ మారిస్తే, సిగ్నల్ తిరిగి అదే సెల్‌ను అడుగుతుంది, ప్యానిక్. విలువ తీసుకుని, బారో వదిలేసి, ఆ తర్వాతే విడ్జెట్ జోలికి వెళ్లాలి. సిగ్నల్‌కు ఇచ్చే క్లోజర్లలో (చిన్న ఫంక్షన్లలో) కిటికీని క్లోన్ మాక్రోతో వీక్‌గా (దాన్ని మెమరీలో ఆపి ఉంచకుండా) పట్టుకోండి, లేదంటే మూసినా మెమరీ వదలదు.

4 జీబీలో రిలీజ్ బిల్డ్‌కు ఒకేసారి నడిచే జాబ్‌లు 2కు తగ్గించి, ఎల్‌టీఓ (లింక్ చేసేటప్పుడు జరిగే ఆప్టిమైజేషన్) థిన్‌గా పెట్టండి. రోజువారీ పనికి కార్గో చెక్ చాలు.

తోతాపురి:
కాటా సీరియల్ పోర్టు చదివే త్రెడ్ నుంచి లేబుల్ మారుస్తున్నాం. అదెట్లా?

పాకాల_జంక్షన్:
రస్ట్‌లో అది కంపైలే కాదు, విడ్జెట్లు వేరే త్రెడ్‌కు వెళ్లవు. త్రెడ్ బరువును ఎసింక్ ఛానెల్లో (త్రెడ్‌ల మధ్య విలువలు పంపే దారిలో) వేస్తుంది, జీటీకే మెయిన్ లూప్‌లో నడిచే లోకల్ ఫ్యూచర్ (విలువ కోసం ఎదురుచూసే పని) దాన్ని తీసుకుని లేబుల్ మారుస్తుంది. ఫ్లాట్‌పాక్‌గా (మిగతా సిస్టమ్‌కు విడిగా నడిచే ప్యాకేజీగా) ఇస్తే పోర్టు కోసం మ్యానిఫెస్ట్‌లో డివైస్ ఆల్ అనుమతి కావాలి. ఫ్లాట్‌పాక్ లోపల ఉన్నా, వాడేవాళ్లు డయలౌట్ గ్రూపులో (సీరియల్ పోర్టు వాడే అనుమతి ఉన్న గ్రూపు) లేకపోతే కాటా పోర్టు తెరుచుకోదు. గ్రూపులో చేర్చాక ఓసారి లాగౌట్ అవ్వాలి.