కంటేజియస్, ఇన్ఫెక్షియస్: రెండూ అంటువ్యాధేనా?

పుల్లట్టు: మా బాబుకి ఆటలమ్మ పోసింది. స్కూల్‌కి మెసేజ్ పెడితే, కంటేజియస్‌గా ఉన్నన్నాళ్లూ పంపొద్దని ఇంగ్లీషులో జవాబొచ్చింది. నేనేమో ఇన్నాళ్లూ కంటేజియస్ అన్నా ఇన్ఫెక్షియస్ అన్నా అంటువ్యాధే అనుకుంటున్నా. అయినా "ఉన్నన్నాళ్లూ" ఏంటి, అంటుకునే రోగం ఎప్పుడైనా అంటుకునేదే కదా?

ల్యాబ్‌కోటు: ఆ మాట రోగానికే కాదండీ, మనిషికీ వాడతారు. ఆటలమ్మ కంటేజియస్, మీ బాబు కూడా ప్రస్తుతం కంటేజియస్, అంటే వాడి నుంచి ఇంకొకరికి సోకే రోజులన్నమాట. పొక్కులు పైకి కనబడడానికి ఒకటి రెండు రోజుల ముందే మొదలై, అన్నీ ఎండి పెచ్చు కట్టేదాకా ఉంటుంది. ఇన్ఫెక్షియస్ ఇంకా పెద్ద గొడుగు, సూక్ష్మక్రిమి వల్ల వచ్చే ఏ జబ్బైనా దాని కిందికే వస్తుంది. తుప్పు మేకు గుచ్చుకుని ధనుర్వాతం వచ్చినవాడి పక్కన కూర్చుంటే మీకేమీ రాదు, కాబట్టి అది ఇన్ఫెక్షియసే గానీ కంటేజియస్ కాదు.

అత్తిపత్తి: కంటేజియస్‌కి లాటిన్ మూలం తాకడమే. మన "అంటు"లోనూ అదే ఉంది కాబట్టి అంటువ్యాధి అనే మాట దీనికే అచ్చంగా సరిపోతుంది. మన డిక్షనరీలే రెండింటినీ ఒకే గాటన కట్టేశాయి.

మిరపబజ్జి: మరి నవ్వుకి కూడా వాడతారుగా?

అత్తిపత్తి: నవ్వుకి రెండూ నడుస్తాయి, ఇన్ఫెక్షియస్ లాఫ్ అనడం కాస్త ఎక్కువ. ఆవలింతకి మాత్రం కంటేజియసే. మనవాళ్లు ఎప్పుడో చెప్పారు, ఆవలింతకు అన్న ఉన్నాడు గానీ తుమ్ముకు తమ్ముడు లేడని.

ల్యాబ్‌కోటు: తుమ్ముకి తమ్ముడు లేకపోవడమేంటండీ, జలుబుతో తుమ్మితే ఇంటిల్లిపాదీ తమ్ముళ్లే 😀 కాకపోతే మూడు రోజులు ఆలస్యంగా పుడతారు.

మిరపబజ్జి: కళ్లకలక వచ్చినవాళ్ల కళ్లలోకి చూస్తే వచ్చేస్తుందని మా అమ్మమ్మ నల్లకళ్లద్దాలు పెట్టించేది.

ల్యాబ్‌కోటు: చూపుతో రాదు. కళ్లు నలుపుకున్న చేత్తో తలుపు గడియ ముట్టుకుంటాం చూడండి, అక్కడ వస్తుంది. తువ్వాలు మార్చాలి, కళ్లద్దాలు కాదు.

పుల్లట్టు: రెండు వారాల తర్వాత మళ్లీ వచ్చా. బాబుకి తగ్గి స్కూల్‌కి వెళ్తున్నాడు. పొక్కులు కనబడిన రోజు నుంచీ ఇంట్లోనే ఉంచాం, అయినా పొద్దున వాడి బెంచీ స్నేహితుడి వాళ్లమ్మ ఫోన్ చేసి, మావాడి పొట్ట మీద నాలుగు పొక్కులు లేచాయి, మీవాడివీ ఇలాగే ఉండేవా అని అడిగింది. ఆ ఒకటి రెండు రోజుల ముందు సంగతి చెప్పడానికి నోరు రాలేదు.