మొనేరో (ఒక క్రిప్టో కరెన్సీ) మైనింగ్‌కి మొదటి పీసీ: రైజెన్ ప్రాసెసర్లలో 3600 చాలా, 3900ఎక్స్‌కి వెళ్లాలా?

నమస్కారం అండి. ఊరు పర్లాకిమిడి. 2022 సెప్టెంబరులో ఈథీరియం అనే క్రిప్టో మైనింగ్ (కంప్యూటర్‌తో లెక్కలు చేయించి నాణేలు సంపాదించడం) ఆగిపోయాక గ్రాఫిక్స్ కార్డు లెక్క కుదరడం లేదు, అందుకే సీపీయూతో మొనేరో అనుకుంటున్నాను. మొనేరో వాడే లెక్కల పద్ధతి ర్యాండమ్ఎక్స్‌లో ఒక్కో థ్రెడ్‌కి (ప్రాసెసర్ ఒకేసారి నడిపే పనుల్లో ఒకటి) 2 ఎంబీ ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన మెమరీ) కావాలి. రైజెన్ 5 3600లో 32 ఎంబీ ఉంది, 12 థ్రెడ్లూ నడుస్తాయి. రైజెన్ 5 5600జీ కొత్తదే గానీ 16 ఎంబీయే, 8 థ్రెడ్లతో సరి. కాబట్టి అది వద్దు.

తేలనిది మదర్‌బోర్డు. సెకండ్‌హ్యాండ్ 3900ఎక్స్ (64 ఎంబీ, 105 వాట్లు) దొరికితే చవక బీ450 రకం బోర్డు తట్టుకుంటుందా? వీఆర్ఎం (ప్రాసెసర్‌కి కరెంటు సర్ది ఇచ్చే బోర్డు భాగం) మీద హీట్‌సింక్ లేకపోతే రాత్రీపగలూ లోడు మీద వేడెక్కి స్పీడు పడిపోతుంది, ఆపైన మా మే నెల ఎండలు! ఏ మోడళ్లు నిలబడ్డాయో చెప్పండి.

ర్యామ్ 8 జీబీ డీడీఆర్4 3200 స్టిక్కులు రెండు. ఒక్క 16 జీబీ స్టిక్ అయితే డ్యూయల్ చానెల్ (రెండు స్టిక్కులతో ఒకేసారి డేటా నడవడం) పోతుంది.

పీసీ రాత్రీపగలూ 120 వాట్లు లాగితే నెలకి 86 యూనిట్లు. క్రిప్టో లాభంపై 30 శాతం పన్నులో కరెంటు ఖర్చు మినహాయించరు, అదో దెబ్బ.

3600లో సొంత గ్రాఫిక్స్ లేదు కదా, బయోస్ (బోర్డు సెట్టింగులు) సెట్ చేశాక అరువు తెచ్చిన గ్రాఫిక్స్ కార్డు తీసేస్తే ఏ బోర్డులు బూట్ అవుతాయి? వోల్టేజీ ఊగే చోట 450 వాట్ల బ్రాంజ్ రేటింగ్ పీఎస్‌యూకి (పవర్ సప్లై) స్టెబిలైజర్ చాలా, యూపీఎస్ కొనాలా?