కబ్బన్ పార్కులో గుర్రం మీదున్న దొర ఎవరు? హైకోర్టు ముందు నుంచి ఎందుకు తీశారు?

హోసూరు_వాసి:
బెంగళూరు హైకోర్టు ముందు గుర్రం మీద కూర్చున్న ఒక దొర కంచు విగ్రహం ఉండేది కదా, విధానసౌధ వైపు ఎప్పుడు వెళ్లినా బస్సులోంచి కనిపించేది. చాలా ఏళ్ల తర్వాత ఆ దారిలో వెళ్తే అక్కడ లేదు. పార్కు లోపల పెట్టారని ఎవరో చెప్పారు. అసలు ఆయనెవరు, ఎందుకు కదిలించారు, తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

నందికొండ_కింద:
ఆయన సర్ మార్క్ కబ్బన్ అండి, పార్కుకి ఆ పేరు ఆయన వల్లే వచ్చింది. 1831లో ఇంగ్లీషువాళ్లు మైసూరు మహారాజా చేతిలోంచి పాలన లాగేసుకున్నారు కదా, ఆ తర్వాత 1834 నుంచి 1861 దాకా కమిషనర్‌గా మొత్తం రాజ్యాన్ని నడిపింది ఈయనే. మా చిక్కబళ్లాపురం వైపు తెలుగు ఊళ్లన్నీ ఆయన పాలన కిందే ఉండేవి, ఎండాకాలం ఉండడానికి నంది కొండ మీద కట్టించుకున్న బంగళా ఇప్పటికీ ఉంది. 1861లో ఉద్యోగం వదిలి ఇంగ్లండు వెళ్తూ దారిలో సూయెజ్‌లోనే పోయాడు.

విగ్రహం చేసింది మరోకెట్టి, లండన్ పార్లమెంటు ముందు గుర్రం మీద రిచర్డ్ రాజు విగ్రహం చేసిన శిల్పే. 1866లో ముందు పెరేడ్ గ్రౌండ్‌లో పెట్టి, తర్వాత అట్టార కచేరి, అంటే ఇప్పటి హైకోర్టు భవనం, ముందుకి తెచ్చారు. ఆ ఎర్ర భవనం పూర్తయింది 1868లో, అంటే కబ్బన్ పోయిన ఏడేళ్లకి. ఆయన హయాంలో ఆఫీసులు నడిచింది టిప్పు ప్యాలెస్‌లో. కాబట్టి ఆ విగ్రహం "అసలు చోటు" హైకోర్టే అని గొడవ పడేవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది, అది అంతకుముందే ఒకసారి కదిలిందని ఎవరూ చెప్పరు. 2020 జూన్‌లో పార్కు లోపలికి మార్చారు.

కోర్టు_దారి:
వివరాలు బాగున్నాయి అన్నా, కానీ ఒక్క మాట. ఎంత మంచి పాలకుడైనా ఈస్టిండియా కంపెనీ మనిషే కదా. మన న్యాయస్థానం గుమ్మం ముందు ఆయనెందుకు అని కన్నడ సంఘాలవాళ్లు ఏళ్ల తరబడి అడిగారు, అందులో నాకు తప్పేం కనిపించలేదు. పగలగొట్టమని నేను అనట్లేదు. పార్కులో చెట్ల కింద ఉండనివ్వండి, ఎవరు, ఏం చేశాడు, ఎవరి తరఫున చేశాడు, అన్నీ రాసి కన్నడలో పెద్ద బోర్డు పెట్టండి చాలు.

నందికొండ_కింద:
బోర్డు సంగతిలో నేనూ మీతోనే. అయితే అందులో ఇది కూడా రాయాలి: మైసూరుని మద్రాసు ప్రభుత్వం కిందకి మార్చాలని పైవాళ్లు అనుకున్నప్పుడు ఒప్పుకోకుండా రాజీనామాకి సిద్ధపడింది ఈయనే. ఒక్క వైపే రాస్తే అది చరిత్ర కాదు.

శివాజీనగర్_పాతకాపు:
పార్కుకి వెళ్తే ఎం.జి. రోడ్డు వైపు చివర విక్టోరియా రాణి విగ్రహం కూడా చూడు తమ్ముడూ. తెల్ల పాలరాయి, చెక్కింది థామస్ బ్రాక్, 1906 ఫిబ్రవరిలో వేల్స్ యువరాజు వచ్చి ఆవిష్కరించాడు, చందాలు జనమూ ఇచ్చారు, మహారాజా కూడా ఇచ్చాడు. దగ్గరికెళ్లి రాణి చేతిలోని గోళాన్ని చూడు, పైన ఉండాల్సిన శిలువ విరిగిపోయింది. అటు ఇంగ్లీషు సైన్యం ఉండే కంటోన్మెంటు, ఇటు పాత ఊరు పేట, రెండింటి సరిహద్దు అక్కడే ఉండేదని మా ఇంట్లో పెద్దవాళ్లు చెప్పేవాళ్లు. ఇంకో సంగతి, 1870లో ఇంజనీరు శాంకీ ఈ తోట వేసినప్పుడు దీన్ని మీడ్స్ పార్క్ అనేవాళ్లు, 1927లో చామరాజేంద్ర పార్కు అని అధికారికంగా మార్చారు, అయినా ఆటో ఎక్కి ఆ పేరు చెబితే డ్రైవర్ "ఎక్కడ సార్ అది?" అనే అడుగుతాడు.

హోసూరు_వాసి:
చాలా థ్యాంక్స్ అందరికీ. ఆదివారం పిల్లల్ని తీసుకుని వెళ్తున్నాను, ముందు కబ్బన్ దగ్గరికి, అక్కణ్ణుంచి నడుచుకుంటూ రాణి దగ్గరికి. బోర్డు ఏమైనా ఉందో లేదో చూసి, ఫోటోలు ఇక్కడే పెడతాను.