‘స్వాడ్లర్’ను తెలుగులో ఏమందాం?

గుంపులో అందరికీ నమస్కారం. ఐర్లండు నుంచి అమెరికా వలసవెళ్ళిన మెథడిస్టు కుటుంబాల చరిత్ర ఒకటి తెలుగు చేస్తున్నాను. నాలుగు రోజులుగా ఒక తిట్టు దగ్గర ఆగిపోయాను. మెథడిస్టులంటే ప్రొటెస్టెంటు క్రైస్తవుల్లో ఒక శాఖ. 18వ శతాబ్దంలో ఐర్లండులో వాళ్ళను వీధుల్లో ‘స్వాడ్లర్’ అని వెక్కిరించేవారు. ఆ మాట పుట్టింది బైబిలు వాక్యంలోంచే. లూకా సువార్త రెండో అధ్యాయం, దూత గొల్లలకు చెప్పే ఆనవాలు: ‘ఒక శిశువు పొత్తిగుడ్డలతో చుట్టబడి యొక తొట్టిలో పండుకొనియుండుట మీరు చూచెదరు’. మన పొత్తిగుడ్డలే ఇంగ్లీషులో ‘స్వాడ్లింగ్ క్లోత్స్’. వాటిలోంచి వచ్చినవాడు స్వాడ్లర్.

కథ రెండు రకాలుగా వినిపిస్తుంది. జాన్ సెనిక్ అనే బోధకుడు 1746లో డబ్లిన్ వచ్చాడు. ఒకప్పుడు మెథడిస్టు ఉద్యమాన్ని నడిపిన జాన్ వెస్లీకి తోడుగా ఉన్నవాడే, అప్పటికి మొరేవియన్లనే మరో ప్రొటెస్టెంటు శాఖలో కలిశాడు. ఆయన క్రిస్మస్‌కి ఈ వాక్యం తీసుకుని బోధిస్తుంటే, విన్న ఒక క్యాథలిక్ పాదిరీకి ‘స్వాడ్లింగ్’ అన్న మాట వింతగా తోచి, ఎగతాళిగా ఆ పేరు తగిలించాడట. పాదిరీకి బైబిలు తెలియక అలా అన్నాడని చెబుతుంటారు. రెండోది జాన్ వెస్లీ తమ్ముడు చార్లెస్ వెస్లీ 1747లో డబ్లిన్‌లో ఉన్నప్పుడు దినచర్యలో రాసుకున్నది. సెనిక్ మాట్లాడితే చాలు పశువుల తొట్టిలో శిశువు, మరియ ఒడిలో శిశువు, పొత్తిగుడ్డల్లో శిశువు అంటూ ఊగిపోయేవాడట. దాంతో ముందు ఆయన్ను ‘స్వాడ్లింగ్ జాన్’ అన్నారు, తర్వాత అది తమకందరికీ అంటుకుంది, పట్టం పొందిన గురువులను కూడా వదల్లేదు అంటాడు చార్లెస్.

నేను చార్లెస్ మాటే నమ్ముతాను. ఊతపదాన్ని పట్టుకుని మనిషికి పేరు పెట్టడం మన ఊళ్ళలోనూ ఉన్నదే. పైగా పాదిరీకి బైబిలు తెలియదనడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. క్రిస్మస్ అర్ధరాత్రి పూజలో చదివేది సరిగ్గా ఈ భాగమే. ఆయన ఏటా లాటిన్‌లో ‘పన్నిస్ ఇన్‌వొలూతుమ్’ అని చదివినవాడే. నిజంగా ఒక పాదిరీ నవ్వి ఉంటే, ఆయనకు కొత్తది వాక్యం కాదు, ఆ ఇంగ్లీషు మాట చప్పుడు.

ఇప్పుడు నా చిక్కు. ‘స్వాడ్లర్’ అని అలాగే ఉంచేస్తే తెలుగు పాఠకుడికి అదొక ఇంటిపేరులా ఉంటుంది. వాక్యంలోని పవిత్రమైన మాటనే రాయిలా విసిరారన్న సంగతి పోతుంది. మీరేమంటారు?

వ్యాఖ్య: ‘చుట్టుడుగాళ్ళు’ అంటే ఎలా ఉంటుంది అక్కా? చుట్టేది కదా అసలు పని.

నా జవాబు: వద్దు తమ్ముడూ. చుట్ట అంటే మనవాళ్ళకు ముందు పొగాకే గుర్తొస్తుంది. ఇంకొకటి, వాళ్ళ చుట్టడం వేరు, మన చుట్టడం వేరు. వాళ్ళది సన్నని గుడ్డ పేలికలతో బిడ్డను కాళ్ళూ చేతులూ కదలకుండా బిగించి కట్టడం. మన పొత్తిగుడ్డకు మెత్తదనమే ప్రాణం. నా కానుపుకి ముందు మా అమ్మ తన పాత నేతచీరలు రెండు వేడినీళ్ళలో ఉడకబెట్టి, ఎండలో ఆరేసి, చదరపు ముక్కలుగా చింపింది. అంచు గరుకుగా ఉంటుందని చీర అంచులు కత్తిరించి పక్కన పడేసింది. కొత్త గుడ్డ ఒక్కటీ ముట్టనివ్వలేదు. ‘పొత్తిళ్ళలో బిడ్డ’ అన్నప్పుడు తెలుగువాళ్ళ చేతికి తగిలేది ఆ నలిగిన మెత్తదనం. దాన్ని తిట్టుగా మార్చడం కష్టంగా ఉంది, అందుకే అడుగుతున్నాను.

వ్యాఖ్య: అమ్మా, ఒక చిన్న సంగతి. పాత ఇంగ్లీషు వాడుకలో ‘స్వాడిల్’ అంటే చితకబాదడం అనే అర్థం కూడా ఉంది. 1785లో వచ్చిన గ్రోస్ యాస నిఘంటువు స్వాడ్లర్లంటే దోచుకుని కొట్టే ముఠా అని చెప్పి, ఐర్లండులో మెథడిస్టులకూ అదే పేరు అంటుంది. ఆ రెండో అర్థం కూడా వెక్కిరింతలో పనిచేసి ఉండొచ్చు.

నా జవాబు: చాలా మంచి సంగతి చెప్పారండీ. మనకూ గుడ్డల మాటే దెబ్బల మాట అవుతుంది, ‘ఉతికి ఆరేశాడు’ అంటాం కదా. కానీ ఐర్లండులోని కార్క్ నగరంలో జరిగింది చూస్తే దెబ్బలు తిన్నది ఆ పేరు మోసినవాళ్ళే. 1749లో నికొలస్ బట్లర్ అనే పాటలమ్ముకునేవాడు పాదిరీ అంగీ తొడుక్కుని, ఒక చేతిలో బైబిలు, ఇంకో చేతిలో పాటల కాగితాలు పట్టుకుని గుంపును వెంటేసుకు తిరిగాడు. స్వాడ్లర్ తలకు ఐదు పౌన్లు అని కేకలు పెట్టాడు. ఇళ్ళ మీద పడ్డారు, ఆడా మగా అని చూడకుండా కొట్టారు. ఫిర్యాదులు వెళ్తే అక్కడి గ్రాండ్ జ్యూరీ, అంటే నేరారోపణలు పరిశీలించే మండలి, గుంపును వదిలేసి, చార్లెస్ వెస్లీనే చెడ్డపేరున్న దేశదిమ్మరి, శాంతిభంగం చేసేవాడు అని రాసింది! ఈ పేజీ తెలుగు చేస్తున్నప్పుడు నాకు చాలా బాధేసింది.

వ్యాఖ్య: మాది మెదక్ దగ్గర. మా పెద్ద చర్చి కట్టింది వెస్లియన్ మెథడిస్టులే, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ. యేసు పుట్టుక చూపే రంగుటద్దాల కిటికీ ఉంది అందులో. చిన్నప్పుడు క్రిస్మస్‌కి ఈ వాక్యం నేనే కంఠతా చెప్పిన. ‘చుట్టబడి యొక’ కాడ నాలుక మడతపడేది. ‘పొత్తిగుడ్డలోల్లు’ అనుండ్రి అక్కా. చర్చికి పోయేటోళ్ళకు ఏ వాక్యమో చప్పున ఎరుకైతది.

నా జవాబు: ఇదే కావాలి తమ్ముడూ! ‘ఓళ్ళు’ అంటే దూరం పెట్టినట్టూ ఉంది, మరీ బూతూ కాలేదు. వాక్యంలోని మాట చెక్కుచెదరలేదు.

వ్యాఖ్య: ఆ పేరు ఎన్నాళ్ళు బతికింది మేడం?

నా జవాబు: చాలాకాలమండీ. 1914లో అచ్చయిన జేమ్స్ జాయిస్ కథల సంపుటిలో డబ్లిన్ పేదపిల్లలు ఇద్దరు బడిపిల్లలను ప్రొటెస్టెంట్లనుకుని ఇదే మాట అరుస్తారు. అంటే అప్పటికి మెథడిస్టులనే కాదు, ప్రొటెస్టెంటు ఎవరైనా స్వాడ్లరే. నేను తెలుగు చేస్తున్న కుటుంబాలవాళ్ళు మాత్రం అసలు ఐరిష్‌వాళ్ళు కూడా కాదు. 1709లో జర్మన్ పాలటినేట్ నుంచి పారిపోయి వచ్చి లిమరిక్ కౌంటీలో స్థిరపడ్డవాళ్ళ సంతానం. అక్కడి బాలింగ్రేన్‌కి చెందిన బార్బరా హెక్, ఫిలిప్ ఎంబరీ 1760లో న్యూయార్క్ ఓడెక్కారు. 1768లో జాన్ స్ట్రీట్‌లో ప్రార్థనశాల కట్టించినవాళ్ళు వీళ్ళే.

సరే, మామూలు చోట్ల ‘పొత్తిగుడ్డలోళ్ళు’ అని దిద్దుకున్నాను. కార్క్ గుంపు కేకకు మాత్రం ‘ఓళ్ళు’ మెత్తగా ఉంది. అక్కడ ‘పొత్తిగుడ్డగాడి తలకి ఐదు పౌన్లు!’ అని పెట్టాను. గట్టిగా పైకి చదివి చూసి, ఎక్కడైనా తడబడితే చెప్పండి.