జీత్ కునే డోకి సిలబస్, బెల్టులు: బ్రూస్ లీ వారసత్వమా, దానికి వ్యతిరేకమా?

మధ్యగీత:
ఈమధ్య మన ఊళ్లలో కొన్ని కరాటే క్లాసుల బోర్డుల మీద జీత్ కునే డో (బ్రూస్ లీ తయారుచేసిన పోరు పద్ధతి) అని కూడా రాస్తున్నారు. తెల్ల బెల్టుతో మొదలు, నల్ల బెల్టు దాకా గ్రేడింగు, ప్రతి గ్రేడుకీ పరీక్ష ఫీజు. నా మాట సూటిగా చెప్పేస్తాను. ఇది బ్రూస్ లీ పేరు పెట్టుకుని బ్రూస్ లీకి ఎదురు నడవడమే.

ఆయన ఏం చేశాడో చూడండి. 1959లో పద్దెనిమిదేళ్ల వయసులో హాంకాంగ్ నుంచి అమెరికా వెళ్లాడు. సియాటిల్‌లో ఆయన మొదటి శిష్యుడు జెస్సీ గ్లోవర్ నల్లజాతి అమెరికన్. తర్వాత కుడిభుజంలా నిలబడ్డ టాకీ కిమురా జపాన్ మూలాలవాడు, రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా నిర్బంధ శిబిరాల్లో గడిపినవాడు. మన విద్య బయటివాళ్లకి ఎందుకు అనే పట్టింపు చైనీయుల్లో గట్టిగా ఉన్న రోజులవి. వచ్చినవాడిలో పట్టుదల ఉందా లేదా అన్నదే ఆయన చూశాడు. 1967లో తన పద్ధతికి జీత్ కునే డో అని పేరు పెట్టాడు. 1970 జనవరికల్లా సియాటిల్, ఓక్లండ్, లాస్ ఏంజెలెస్ స్కూళ్లు మూసేయమన్నాడు. తను చెప్పిందే వేదమని శిష్యులు పట్టుకు కూర్చుంటారేమో అన్నది ఆయన భయం. మరుసటి ఏడాది సెప్టెంబరులో బ్లాక్ బెల్ట్ పత్రికలో, సంప్రదాయ కరాటే చెరనుంచి బయటపడండి అని వ్యాసమే రాశాడు. అలాంటి మనిషి పేరు మీద బెల్టా?

గోదారి గార్డ్:
మధ్యగీత గారూ, సగం నిజమే చెప్పారు. ఆయన స్కూళ్లలో ర్యాంకులు లేకపోలేదు. మొదటి ర్యాంకు గుర్తు ఖాళీ వృత్తం, మధ్యలో రంగులు, అన్నిటికన్నా పైర్యాంకుకి మళ్లీ ఖాళీ వృత్తమే. నేర్పే అర్హత మాత్రం ముగ్గురికే ఇచ్చాడు: టాకీ కిమురా, జేమ్స్ యిమ్ లీ, డాన్ ఇనోసాంటో. అంటే కొలతలు పెట్టాడు, కాకపోతే కొలతని చాలా ఖరీదైనదిగా ఉంచాడు.

ఇంకో సంగతి. ఆయన ధిక్కారం గాల్లోంచి ఊడిపడలేదు. హాంకాంగ్‌లో ఇప్ మాన్ అనే గురువు దగ్గర వింగ్ చున్ అనే చైనా యుద్ధవిద్య సాధన చేశాడు. అన్న పీటర్ ఫెన్సింగ్ (సన్నకత్తి ఆట) ఆటగాడు, ఫెన్సింగ్ పుస్తకాలూ బాక్సింగ్ పుస్తకాలూ గీతలు పెట్టుకుని చదివాడు. పునాది లేనివాడు దేన్ని ఎదిరిస్తాడు చెప్పండి?

ఆయన నేర్పిన ముందుచేతి గుద్దునే తీసుకోండి. కుడిచేతి వాటం ఉన్నవాడు కుడిచేయి, కుడికాలు ముందు పెట్టాలి. బాక్సింగ్‌కి ఇది తిరగేసిన పద్ధతి. బలమైన చేయి ఎదుటివాడికి దగ్గరగా ఉంటే దారి తక్కువ, వేగం ఎక్కువ. వెనక మడమ నేలకి అంటకుండా కాస్త లేచి ఉండాలి. పిడికిలి నిలువుగా, బొటనవేలు పైకి. తగిలేది కింది మూడు మెటికలతో. చేయి ముందు బయలుదేరాలి, పాదం దాని వెనకే. పాదం నేల తాకేలోపు గుద్దు తగలాలి, అప్పుడే ఒంటి బరువు మొత్తం పిడికిట్లో ఉంటుంది.

ఎక్కడ చెడుతుందో కూడా చెప్తాను. కొత్తవాళ్లు కొట్టేముందు చేయి రెండంగుళాలు వెనక్కి లాగుతారు, లేదా భుజం ఎగరేస్తారు. ఎదుటివాడికి అదే కబురు. మోచేయి పక్కకి లేస్తే గుద్దు వంకర తిరుగుతుంది, మణికట్టు మడతపడి నొప్పెడుతుంది. కొట్టిన చేయి నడుం దగ్గరకి జారితే గడ్డం ఖాళీ. వీటిని వారం వారం సరిదిద్దేవాడు ఉండాలి. సరిదిద్దాలంటే వరస ఉండాలి. ఆ వరసనే జనం సిలబస్ అంటున్నారు.

పాత ఫైలు:
1964 చివర్లో ఓక్లండ్‌లో కుంగ్‌ఫూ మాస్టారు వాంగ్ జాక్ మాన్‌తో జరిగిన పోరు సంగతి ఇక్కడ చెప్పకపోతే చర్చ కుంటుతుంది. బయటివాళ్లకి నేర్పుతున్నాడని చైనాటౌన్ (చైనీయుల పేట) పెద్దలు సవాలు పంపారన్నది లీ భార్య లిండా లీ చెప్పిన కథ. కారణం అది కాదన్నాడు వాంగ్. అదే ఏడాది శాన్‌ఫ్రాన్సిస్కోలో సన్ సింగ్ థియేటర్ ప్రదర్శనలో లీ మాట్లాడిన తీరు కూడా చైనాటౌన్‌కి మింగుడుపడలేదు. మూడు నిమిషాల్లో లీ గెలిచాడని లిండా, ఇరవై నిమిషాలకి పైగా సాగిందని వాంగ్. చూసినవాళ్లు గుప్పెడుమంది, కెమెరా లేదు. కాబట్టి "విదేశీయుల కోసం కొట్లాడి గెలిచాడు" అని పోస్టర్ మీద వేసినంత తేలిగ్గా చరిత్రలో వెయ్యలేం.

నాకు మాత్రం ఆ పోరు తర్వాత జరిగిందే అసలు విషయం. గెలిచానని ఊరుకోలేదు. వాంగ్ వెనక్కి తగ్గుతూ తిరుగుతుంటే వింగ్ చున్ వరస గుద్దులు సరిగ్గా అందలేదు. ఆ గుద్దులు చేతికి అందే దూరంలో, ఎదురుగా నిలబడినవాడి కోసం తయారైనవి. వెంటపడి కొట్టాల్సి వచ్చేసరికి ఆయాసం వచ్చింది. అక్కడి నుంచే పరుగు, స్కిప్పింగ్, బాక్సింగ్ పాదాలు, ఫెన్సింగ్ దూరం లెక్క గట్టిగా పట్టుకున్నాడు. తను గెలిచిన పద్ధతినే తప్పుపట్టడం, అదీ గెలిచాక! ఎంతమంది గురువులు చేస్తారండీ అది?

మధ్యగీత:
పాత ఫైలు గారూ, నేను చెప్పేదానికి బలం మీరే ఇచ్చారు. లోపం కనబడగానే పద్ధతి మార్చాడు. సిలబస్ ఆ పని చెయ్యలేదు, అచ్చయిన రోజే ఆగిపోతుంది. పైగా మన దగ్గర గ్రేడింగు అంటే ఏమిటి? పెంకులు పగలగొట్టడం, గాల్లో కాళ్లు విసరడం. పలకలు తిరిగి కొట్టవు అని ఎంటర్ ద డ్రాగన్‌లో ఆయనే విలన్ ఓహరాతో అంటాడు. అదే సినిమా మొదటి పోటీ చూడండి, వేళ్లు బయటికి ఉండే గ్లవ్స్ తొడుక్కుని నటుడు సమో హంగ్‌ని చివరికి నేలమీద పట్టుపట్టి లొంగదీస్తాడు. ఇప్పటి ఎంఎంఏ (మిశ్రమ యుద్ధకళల పోటీ) గ్లవ్స్‌కి అది ఎంత దగ్గరో! 1973లో అది.

నడుంపట్టీ:
ఇద్దరికీ ఒక మాట. ఆయన్ని కళ్లుమూసుకుని అనుకరిస్తే ఏమవుతుందో చెప్పేది ఆయన నడుమే. 1970లో గుడ్ మార్నింగ్ అనే, బరువు మోస్తూ ముందుకి వంగి లేచే వ్యాయామం చేస్తూ వెన్ను దెబ్బతీసుకున్నాడు. భుజాల మీద బార్, అందులో సుమారు 61 కిలోలు, అంటే దాదాపు తన ఒంటి బరువు. సరిగ్గా వార్మప్ లేకుండా చేశాడు. ఇక మునుపటిలా కాళ్లు విసరలేవన్నారు డాక్టర్లు. నెలల తరబడి మంచం.

ఈ వ్యాయామంలో బరువు మెడ దగ్గర, ఇరుసు తుంటి దగ్గర. మధ్యలో వెన్నెముక పొడుగాటి మీటలా పనిచేస్తుంది. అందుకే స్క్వాట్‌లో మోసే బరువు ఇందులో మొయ్యకూడదు. చెయ్యదలుచుకుంటే మొదట వట్టి కర్రతో. తర్వాత 20 కిలోల ఖాళీ బార్. మోకాళ్లు కాస్త మడిచి, పిరుదులు వెనక్కి నెట్టాలి, నడుం వంచడం కాదు. వీపు గుండ్రం కావడం మొదలైన చోటే ఆగాలి, ఛాతీ నేలకి సమంగా రావాలన్న పంతం అక్కర్లేదు. "బ్రూస్ లీ వర్కవుట్" అని పదహారేళ్ల పిల్లల చేత బరువు ఎక్కించే జిమ్ములు చూస్తే ఒళ్లు మండుతుంది.

అసలు సంగతి ఇంకోటి. మంచాన ఉన్న ఆ నెలల్లోనే ఆయన ఎక్కువ నోట్సు రాసుకున్నాడు. ఫెన్సింగ్, బాక్సింగ్ పుస్తకాల నుంచి ఎత్తి రాసుకున్న వాక్యాలు అందులో బోలెడు. ఆయన పోయాక 1975లో లిండా, గిల్బర్ట్ జాన్సన్ వాటిని కూర్చి పుస్తకం వేశారు. ఒక మనిషి తనకోసం రాసుకున్న చదువు గుర్తులు అవి. వాటినే ఇప్పుడు సూత్రాలుగా బట్టీ పట్టిస్తున్నారు.

గోదారి గార్డ్:
నడుంపట్టీ గారూ, నోట్సు విషయంలో మీతో ఏకీభవిస్తాను. కానీ ఆ గొడవ ఆయన శిష్యుల మధ్యే తేలలేదు. లీ నేర్పిన కదలికల్ని ఉన్నవి ఉన్నట్టు కాపాడాలని ఒక వర్గం. సూత్రం పట్టుకుని ఎవరి దారి వాళ్లు వెతుక్కోవాలని ఇంకో వర్గం. ఇనోసాంటో తన ఫిలిప్పీన్ కర్రసాము, కత్తిసాము కూడా దానితో కలిపి నేర్పాడు. మొదటి వర్గం లేకపోతే ముందుచేతి గుద్దు ఈపాటికి బాక్సింగ్‌లోని మామూలు జాబ్ గుద్దు అయిపోయేది. ఆ వర్గాన్ని ద్రోహులు అనడం నాకు నచ్చదు.

ఒక్క అంగుళం:
ఒక అంగుళం గుద్దు గురించి కూడా ఇదే జరుగుతోంది. 1964 లాంగ్ బీచ్ కరాటే పోటీల్లో ఆయన చూపించినప్పుడు అవతలివాడు కుర్చీలో పడ్డాడు. యూట్యూబ్ చూసి మన పిల్లలు మణికట్టు ఒక్కటే విదిలిస్తున్నారు. బలం అక్కడ లేదు. వెనక పాదం నేలని తన్నాలి, మోకాలు నిటారవ్వాలి, తుంటి తిరగాలి, భుజం తోసుకెళ్లాలి, మోచేయి చాపుకోవాలి. చివర్న మణికట్టు పైకి లేచి కింది మెటికలు దిగాలి. ఈ వరసలో ఒక్కటి ముందో వెనకో పడితే అది వట్టి తోపుడు.

ఇంకో నిజం కూడా ఒప్పుకుందాం. ప్రదర్శనలో ఎదుటివాడు పాదాలు పక్కపక్కన పెట్టి నిటారుగా నిలబడతాడు. వెనక్కి తూలడానికి అంతకన్నా అనువైన నిలకడ లేదు. ఒక కాలు వెనక్కి పెట్టుకున్నవాడు అలా ఎగిరి పడడు. అది పోరులో వాడే దెబ్బ కాదు, బలం ఎక్కడి నుంచి పుడుతుందో చూపించే పాఠం. గ్రేడింగులో దానికి మార్కులు వేసేవాళ్లు ఈ తేడా చెప్పాలి.

పాత ఫైలు:
ధిక్కారం అంటే క్లాసు గదిలోదే కాదు కదా. అమెరికా టీవీ సీరియల్ గ్రీన్ హార్నెట్‌లో కాటో వేషం వేశాక హాలీవుడ్ ఆయనకి పెద్ద పాత్ర ఇవ్వలేదు. హాంకాంగ్ వెళ్లి సినిమా కంపెనీ గోల్డెన్ హార్వెస్ట్‌లో రెండు సినిమాలకి 15,000 డాలర్లకి సంతకం పెట్టాడు. అయినా 1971 డిసెంబరులో కెనడా విలేకరి పియర్ బెర్టన్‌కి ఇచ్చిన ఇంటర్వ్యూలో హాలీవుడ్‌ని తిట్టలేదు. డబ్బు పెట్టేవాడి భయం తనకి అర్థమవుతుందనే అన్నాడు. కోపాన్ని పనిలో పెట్టాడు. 1972లో ఫిస్ట్ ఆఫ్ ఫ్యూరీలో చైనీయులకి ప్రవేశం లేదన్న పార్కు బోర్డుని తన్ని ముక్కలు చేశాడు. 1973 జులై 20న 32 ఏళ్లకే పోయాడు.

2005లో యుద్ధంతో చీలిపోయిన బోస్నియా పట్టణం మోస్టార్‌లో ఆయన విగ్రహం పెట్టారు. క్రొయేట్లు, బోస్నియాక్‌లు, సెర్బులు అందరికీ నచ్చే హీరో ఆయనొక్కడే అనిపించిందట వాళ్లకి. ఆ ఊరికి జీత్ కునే డో గ్రేడింగుతో పనేముంది?

మధ్యగీత:
గోదారి గార్డ్ గారూ, వరస కావాలన్న మీ మాట కాదనను. బెల్టుని మాత్రం ఒప్పుకోను. క్లాసులో చేరబోయే పిల్లల తల్లిదండ్రులు అడగాల్సిన ప్రశ్నలు ఇవీ: హెల్మెట్, గ్లవ్స్, షిన్ గార్డులు పెట్టుకుని నిజంగా స్పారింగ్ (ఎదురెదురు పోరు సాధన) చేయిస్తారా? లీ స్కూళ్లలో చేయించేవారు. ఫోకస్ మిట్లు (గుద్దులు తగిలించుకునే చేతి మెత్తలు) పట్టుకున్నవాడు కదులుతూ, మధ్యలో తిరిగి కొడుతూ పడతాడా, లేక స్తంభంలా నిలబడతాడా? ఒక కదలిక పనిచెయ్యలేదని విద్యార్థి చెబితే మాస్టారు దాన్ని అక్కడే పరీక్షిస్తారా?

గోదారి గార్డ్:
మూడో ప్రశ్నకి అవునన్న మాస్టారు దొరికితే, ఆయన రంగు బెల్టు ఇచ్చినా నేను మా పిల్లల్ని పంపిస్తాను. మీరు పంపరా?

మధ్యగీత:
పంపుతాను. ఆ బెల్టు ఏ పరీక్షకి ఇచ్చారో అడిగి మరీ.