థలసీమియా మైనర్ అని రిపోర్టు వచ్చింది, బావ టెస్టుకి రానంటున్నాడు

బ్రాడీపేట_అమ్మాయి:
మేనమామ కొడుకునే చేసుకున్నాను, ఎనిమిది నెలలైంది. నాకు చిన్నప్పటి నుంచి "రక్తం తక్కువ" అని పేరు. ఇంటర్ నుంచి ఐరన్ బిళ్లలు, బీట్‌రూట్ రసం, ఖర్జూరాలు. హిమోగ్లోబిన్ మాత్రం 9.8 దగ్గరే కూర్చుంది. మొన్న గైనకాలజిస్టు, ఐరన్ బాగానే ఉందే అని, హిమోగ్లోబిన్ రకాలు విడదీసి చూసే రక్త పరీక్ష హెచ్‌పీఎల్‌సీ రాశారు. హెచ్‌బీఏ2 అనే రకం 5.2 శాతం వచ్చింది, ఎక్కువేనట. థలసీమియా మైనర్ అట, అంటే అమ్మానాన్నల్లో ఒకరి నుంచి లోపమున్న జన్యువు వచ్చింది, పూర్తి జబ్బు మాత్రం కాదు. మా ఆడపడుచు బాబుకి నాలుగేళ్లు, మూడు వారాలకోసారి రక్తం ఎక్కిస్తారు. ఆ జబ్బు పేరు ఇంట్లో ఎవరూ పలకరు, "వాడికి నీరసం" అంటారు. బావని టెస్టు చేయించుకోమంటే "నాకు 13 ఉంది, నాకేంటి" అంటాడు. పిల్లల కోసం ఆగాలా?

మంగళగిరి_ల్యాబ్:
మైనర్ ఉన్న మగవాళ్లకి 13 ఉండటం మామూలేనండి. ఇంట్లో బాబు ఉన్నాడు కాబట్టి, సీబీసీ (మామూలు రక్తకణాల పరీక్ష) ఎలా ఉన్నా ఆయనకీ హెచ్‌పీఎల్‌సీ చేయించండి.

కృష్ణ_తీరం:
మేనరికాలు వద్దని మొత్తుకుంటూనే ఉన్నాం, వింటేగా.

పటమట_అక్క:
మాది మేనరికం కాదు, అసలు చుట్టరికమే లేదు. అయినా ఇద్దరం మైనరే. తెలిసేసరికి నాకు పదో వారం. కడుపులో బిడ్డకి పరీక్ష చేయాలంటే ముందు మా ఇద్దరి జన్యువులో లోపం ఎక్కడుందో డీఎన్‌ఏ టెస్టులో పట్టుకోవాలట. రక్తం హైదరాబాద్ పంపి రోజులు లెక్కపెట్టుకున్నాం. 11-13 వారాల్లో మాయలోంచి ముక్క తీసే సీవీఎస్ టైము దాటిపోయి, 16వ వారంలో ఉమ్మనీరు తీయించుకున్నాను. సూదిదేముంది, ఫలితం కోసం ఆగడమే నరకం. ఆ రోజుల్లో ఫోన్ మోగితే ఆయనే ఎత్తేవారు. పాప నాలాగే మైనర్, ఇల్లంతా పీకి పందిరేస్తోంది.
ఇద్దరికీ ఉంటే ప్రతి కాన్పుకీ నాలుగింట ఒక వంతు మేజర్ (రక్తం ఎక్కిస్తూ ఉండాల్సిన రకం) భయం. ఒకరికి వచ్చేసింది, ఇక రాదులే అనుకోడానికి లేదు. ప్రతిసారీ చీటీలు మళ్లీ డబ్బాలో వేసి కలిపినట్టే. అందుకే బావగారికి కూడా మైనర్ అని వస్తే, ఆ డీఎన్‌ఏ పని కడుపు రాకముందే కానిచ్చేయండి. నార్మల్ వస్తే మేజర్ టెన్షన్ లేదు. ఫోలిక్ యాసిడ్ ఇప్పుడే అడిగి మొదలుపెట్టండి, ఐరన్ బిళ్లలు మాత్రం డాక్టరు చెప్పకుండా మింగకండి.

బ్రాడీపేట_అమ్మాయి:
కృష్ణ తీరం గారూ, పెళ్లయ్యాక ఆ మాటెందుకండీ. అక్కా, మీరు రాసింది బావకి చదివి వినిపించాను. "ఫోన్ ఆయనే ఎత్తేవారు" అన్న దగ్గర లేచి చొక్కా వేసుకున్నాడు. శనివారం రక్తం ఇచ్చొచ్చాం. అత్తయ్యకి షుగర్ టెస్టని చెప్పాం. రిపోర్టు గురువారం.